గురివింద

యాభై మీటర్ల అవతల
కాగితం నడిమి చుక్క
గురివింద గింజకన్నా పెద్దదేం కాదు.
ఆవడి దాటాక ఉన్న రేంజిలో బోర్లా పడుకుని
పొద్దున్నించీ దాన్నే అడుగుతున్నాను:
ఎనిమిది గుళ్ళు ఒకే చిల్లులోంచి దూరాయి కదా,
తొమ్మిదోది ఎందుకు కిందికి జారింది?

గాలి లేదు.
జెండాగుడ్డ పిండని తువ్వాలులా వేలాడుతోంది.
ఊపిరి సగం వదిలి ఆపాను, తెలుసు.
వేలు తొందరపడలేదు, అదీ తెలుసు.
పరిమళవల్లి మేడమ్ దుర్బిణిలోంచి కన్ను తీయకుండా
"గుండు మీద నెపం వెయ్యకమ్మా" అంది
అరవం కలిసిన తెలుగులో.
వేశాను.

రాత్రి మింటు వీధిలో, మూడో అంతస్తులో,
యాభై తూటాల డబ్బా నాన్న ముందు కుమ్మరించాను.
నలభై ఏళ్ళుగా బంగారం తప్ప
మరొకటి తూచని మునిరత్నాచారి
"పేలవు కదా?" అని ఒక్కసారే అడిగి
పేలినా సరేనన్నట్టు కంటికి అద్దం పెట్టుకున్నాడు.
డిజిటల్ కాటా ఉంది, వద్దన్నాడు.
అది అంకె చెప్పి ఊరుకుంటుందట,
త్రాసు ముల్లయితే సిగ్గుపడుతుందట.

సీసం మీద మైనం పూత, వేలికి జిడ్డు.
ఒకదాని ముక్కున గోటి నొక్కు.
ఒకదాని అంచు వెంట్రుకవాసి మందం;
నిప్పు పుట్టేది ఆ అంచులోనే,
అక్కడ తేడా వస్తే
గుండు గడప దాటేటప్పుడే నీరసం.

"గుండ్లపేరు చేసినట్టేనే ఇది" అన్నాడు.
"ఒక్క గుండు మంచిదైతే ఏం లాభం?
అన్నీ ఒకే తప్పు చేస్తే సరిదిద్దుకోవచ్చు.
తలో తప్పూ చేస్తేనే కొంప మునిగేది."
తెల్లారేసరికి టీ గ్లాసుల్లో
నలభై ఒకటి అచ్చం ఒకేలాంటివి,
ఆరు తేలికవి,
నొక్కులు పడ్డవి మూడు.
డబ్బా అడుగున లాటు నంబరు రాసుకున్నాను.
ఆ లాటు ఇక రాదని కొట్టువాడు అప్పుడే చెప్పాడు.

మర్నాడు ముప్ఫై గుళ్ళు
ఒకే ఇంటికి వచ్చిన చుట్టాల్లా
ఒకే గుమ్మంలోంచి వెళ్ళాయి.
మేడమ్ ఏమీ అనలేదు. కుర్చీ మాత్రం దగ్గరికి జరుపుకుంది.

ముప్ఫై ఒకటోది జారింది.

మంచి గ్లాసులోదే.
నాన్న వేళ్ళు రెండుసార్లు తడిమి ఒప్పుకున్నదే.
గాలి లేదు. అరక్కోణం లోకల్ ఇంకా రాలేదు.
"గుండేనా?" అంది మేడమ్.

ట్రిగ్గర్ వెనక్కి వస్తున్న ఆ రవ్వంత సేపట్లో
ఇంటికెళ్ళి నాన్నకి ఎలా చెప్పాలా అని
మాటలు కూర్చుకుంటున్నాను నేను.
ముప్ఫైకి ముప్ఫై నాన్నా,
అని మొదలుపెట్టాలనుకున్నాను.

"కాదు" అన్నాను.

జాకెట్టు జేబులో ఆయన త్రాసుపెట్టెలోని గింజ ఒకటుంది,
అడక్కుండా తెచ్చుకున్నది.
ఎర్రగా, నున్నగా, వెచ్చగా.
చాప మీద పెట్టి
ఈసారి తిరగేసి చూశాను.