గేజి రిజిస్టరు అంచున

పొద్దున ఆరింటికి బ్యారేజీ మీద
నీటి మట్టం చదవడం నా పని.
పదకొండు పాయింట్ ఎనిమిది రాసి
తలెత్తితే
గేటు సందులోని నురగ
ముక్కలై పైకెగురుతోంది.

కొంగలనుకున్నాను.
కొంగకి ఇంత తొందరుండదు.
"సముద్రపు కాకులు" అన్నాడు పడవ నాంచారయ్య
మరమరాల డబ్బా మూత తీస్తూ.
సముద్రమెక్కడ, సీతానగరమెక్కడ!

కార్తీకం వెళ్ళాక ఒక ఆదివారం
గుంటూరు నుంచి మస్తాన్‌బీ టీచరు వచ్చింది,
మెడలో దుర్భిణీ, చెప్పుల నిండా ఇసుక.
"తల చూడకండి. చలికాలం తల అబద్ధం చెబుతుంది.
రెక్క చూడండి."

రెక్క కొస నలుపు. ఆ నలుపులో
మసిబారిన గూట్లో దీపంలా తెల్లచుక్క.
అది ఉంటే ఇది, లేకపోతే దీని దాయాది.
దాయాదిది నల్లకన్ను, దీనిది వెలిసిన కన్ను.
ముక్కూ కాళ్ళూ తాంబూలపు ఎరుపు.
చెవి దగ్గర చిన్న మరక,
ఏ తల్లి పెట్టిందో దిష్టిచుక్క.
తోకకి మంగళగిరి చీరలా నల్లంచు కనబడితే
ఈ ఏటి పిల్ల,
రెక్కలో దీపం ఇంకా వెలిగించుకోలేదు.

"పేరు?"
"గోధుమతల గల్."
నవ్వాను. తలంతా సున్నం కొట్టిన గోడైతేనూ!
ఆవిడ నవ్వలేదు. "ఆగండి" అంది.

ఆగాను.
మట్టం పక్కన, గీతకి అవతల, పెన్సిల్‌తో:
నలభై. అరవై రెండు. పొగమంచు. లెక్క తప్పింది.
నెలాఖరున ఏఈ గారు ఎర్రసిరాతో అడిగారు
"ఇదేం మట్టం?"
నాకూ తెలీదు సార్, ఏదో పెరుగుతోంది.

హిమాలయాల అవతల
మంచు కరిగిన చెరువుల గట్ల మీద గుడ్లు పెడుతుందట.
అంటే ఈ సముద్రపు కాకి పుట్టింది
సముద్రం ఎన్నడూ ఎక్కలేనంత ఎత్తున.
నాంచారయ్యకి చెబితే
"అయితే చలికి భయపడి వచ్చిందన్నమాట, మా అల్లుడిలా" అన్నాడు.

మాఘం చివర
చెవి దగ్గరి మరక పాకడం మొదలెట్టింది.
ముందు చెంప, తర్వాత నుదురు.
ఫాల్గుణానికి ముఖమంతా కాఫీ రంగు.
పేరు ముఖానికెక్కింది.
నేను మస్తాన్‌బీకి ఫోన్ చేసి
"వచ్చింది టీచర్, తల వచ్చింది!" అని అరిచాను.
అవతల కాసేపు మాటలేదు.
"అయితే ఇక ఈ వారమే" అంది.

ఉగాది ముందురోజు
నాంచారయ్య డబ్బా గిలకరించాడు.
కాకి వాలింది. మామూలు కాకి.

తొమ్మిది పాయింట్ మూడు.
అంచున ఏమీ రాయలేదు.
పెన్సిలు మాత్రం చెక్కి పెట్టాను.