ఆరున్నర రూపాయల చీర

బెంగుళూరు కబ్బన్‌పేట ఇంటి చిట్టాలో
సిరా పాలిపోయిన చోట ఒక పద్దుంది:
"చిన్న కోడలి పెళ్లిచీర. నేత కూలి ఆరున్నర.
పాత బాకీలో చెల్లు."
నేసినవాడు పెళ్లికూతురి తండ్రి.

కాళ్లు కడిగి కన్యాదానం చేసిన చేతికి
పసుపు వదలకముందే
సోమవారం పొద్దున గుంటలో దిగి కూర్చున్నాడు సిద్ధప్ప.
వియ్యంకుడి మగ్గమే, వియ్యంకుడి పట్టే.
"బావగారూ" అనడానికి నోరు తిరగలేదు,
పోయేదాకా "సావుకారూ" అనే అన్నాడు.

పెద్దకోడలు గౌరాంబది
దొడ్డపేట బంగారపు కొట్టు ఇల్లు.
ఆమె లోటా వెండిది.
ముద్దక్కకి ఇత్తడిది.
పేరంటాల్లో తోడికోడలి కొంగు
రెండు వేళ్ల మధ్య నలిపి చూసి
"మీ నాన్న పోగు బాగానే అతికాడమ్మా" అనేది,
మెచ్చుకున్నట్టే.
ముద్దక్క నవ్వేది.
ఆ నవ్వులో పడుగెంతో పేకెంతో
ఎవరూ విప్పి చూడలేదు.

తరవాత ప్లేగు.
అటక మీంచి ఎలుకలు రాలాయి.
ఎండ పడాలని జవాన్లొచ్చి పెంకులు ఊడదీశారు.
మాగడి రోడ్డు అవతల తడికల షెడ్డులో
ఇంటిల్లిపాదికీ ఒక కుండ, ఒక కొబ్బరిచిప్ప.
గౌరాంబకి గజ్జల్లో బిళ్ల కట్టింది.
నాలుగు నెలల ఆమె కొడుకు ఏడ్చేడ్చి నీలమైతే
ముద్దక్క తన పిల్లని ఒక పక్కకి జరిపి
వాణ్ని రెండో పక్కకి తీసుకుంది.
పదకొండు రోజులు.
పాలకి చిట్టా లేదు.

గౌరాంబ బతికింది. ముద్దక్క పిల్ల దక్కలేదు.
పాలు చాలకో, జ్వరానికో,
ఆ మాట దగ్గర మా ఇంట్లో
అందరూ గొంతు సవరించుకుంటారు.

పెంకులు మళ్లీ కప్పారు. సున్నం కొట్టారు.
లోటాలు రెండూ
ఎవరి గూట్లోకి అవి చేరాయి.

ఆ పాలు తాగినవాడు మా తాత.
ఇరవయ్యేడో ఏట, జప్తు కాగితం మీద
సిద్ధప్ప కొడుకు మగ్గం, అచ్చు, రెండు నాడెలు,
చివరికి దీపపు సెమ్మె కూడా
వరసగా రాయించి సంతకం పెట్టాడు.
దస్తూరి ముత్యాలే, చూపిస్తాను కావాలంటే.
ఆ మధ్యాహ్నం వడ్డించింది ముద్దక్కేనట.
"నెయ్యి వేసుకో నాయనా" అందట.
అంతే అందట.

చీర ఇప్పుడు నా దగ్గరుంది.
మడతల దగ్గర చీలుతోంది.
మొన్నొకాయన భూతద్దంతో జరీ చూసి వెల చెప్పాడు,
నాకు సున్నాలు లెక్కపెట్టబుద్ధి కాలేదు.
కొంగు తిరగేస్తే, అంచుకి బెత్తెడు ఇవతల
ఒకే ఒక్క పోగు తప్పింది.
ముప్పయ్యేళ్లు నేసిన చెయ్యి.
అక్కడ ఆయన
నీళ్లు తాగడానికి లేచుంటాడు.