బూత్ నంబరు నూట పద్నాలుగు

ఫారం ఇరవై నిన్న చేతికొచ్చింది.
బూతుకో వరుస, అభ్యర్థికో గడి.
నియోజకవర్గమంతా కలిపి నాకు ఆరువందల పన్నెండు.
చివరి గడిలో, పైవారెవరూ వద్దన్నోళ్లు
పంతొమ్మిది వందల చిల్లర.
ఎవరూ వద్దనేవాళ్లంతా మావాళ్లే అనుకుంటిమి,
మమ్మల్నీ కలిపి వద్దన్నారు.

"డిపాజిట్టు పదివేలకు ఎంత బెల్లమొచ్చేది నా?"
చిత్తూరు మండీలో కాటా పట్టే జ్ఞానప్రకాశం అడిగినాడు.
రెండున్నర క్వింటాళ్లు.
నల్లదైతే ఇంకాస్త ఎక్కువ,
చెక్‌పోస్టులో పట్టకుంటే.
ఆ చెక్‌పోస్టు తీసెయ్యమనే కదరా నిలబడింది అన్నా.
తక్కెడ ముల్లు ఆగేదాకా చూసి
"నిలబడితివి లే" అన్నాడు.

మాకిచ్చిన గుర్తు ఈల.
మిగిలినవి గోతానికి సగం ఉంటే
గిరింపేట పిలకాయలకు పంచేసినా.
పొద్దు పోయేదాకా సందుల్లో ఊదుతా ఉండారు,
అభ్యర్థి లేని ప్రచారం,
అప్పటికంటే జోరుగా.

ఆదివారం ఆరింటికి మండీ వెనక మీటింగు.
రావాల్సిందే అని చెప్పలేం,
ఎవరి మీదా ఎవరి పెత్తనమూ వద్దని
మూడు నెలలు మైకులో అరిచింది మేమే.
అధ్యక్షుడంటే ఇక్కడ
చాప పరిచి, చివర్న లైటార్పి, తాళమేసేవాడు.
ఎలక్షన్లో నలభై మంది. ఆనక తొమ్మిది.
ఈ వారం ఐదు.
ఆరోవాడు వానకు ఆగిన మనిషి,
టీ తాగి, చీటీల వాళ్లమనుకున్నాడంట.
చందా డబ్బాలో నూట ముప్పై రూపాయలు,
ఒక చొక్కా గుండీ.

దొరసామికి మార్కెట్ కమిటీలో కుర్చీ ఇస్తామన్నారు గెలిచినోళ్లు.
పర్మిట్ల మీద ముద్రేసే కుర్చీ.
పర్మిట్లే వద్దని గోడల మీద రాసిన చెయ్యి,
గోళ్ల సందుల్లో రంగింకా పోలేదు.
"లోపలుండి ఒక్కోటీ ఎత్తేస్తా నా" అన్నాడు
చాప అంచు పీకుతా.
ద్రోహి అని చెంగల్రాయులు లేచినాడు.
వాడి భుజం పట్టి కూర్చోబెట్టినా.
ఎవరి దారి వారి ఇష్టం:
జీపు మీద నిలబడి అంటే ఎంత తేలికగా ఉండె ఆ మాట!
చాప మీద అతను లేచిపోయిన చోటు చూస్తా అంటే
అచ్చు బెల్లం అడ్డం పడినట్టయింది.

ఫలితాలొచ్చిన మూడోనాడు
కోర్టు దగ్గర కన్నెమ్మ ఇడ్లీ బండిని
మునిసిపాలిటీ లారీ ఎత్తుకుపోయింది.
ఆమె మాకు వెయ్యలేదు. ముందే చెప్పింది,
"ఏమీ ఇవ్వమనేవాడికి ఎట్లేసేది నాయనా?"
మిగిలిన కరపత్రాల తెల్లటి వెనకవైపు
అర్జీలు రాసినాం.
ఏ సెక్షను, ఏ తీర్మానం, రసీదేది?
పదకొండు రోజులు ఆఫీసు మెట్లు ఎక్కి దిగితే
బండి వచ్చింది, చక్రం ఒకటి తక్కువగా.
అమీర్‌జాన్ పాతదొకటి తెచ్చి బిగించి
డబ్బులొద్దన్నాడు.
ఆమె వినలేదు.
"ఊరకే ఏదీ రాదని మీరే కదా చెప్పింది"
యాభై నోటు అతని జేబులో కుక్కింది.
మా మేనిఫెస్టో చదివిన మనిషి ఒకరున్నట్టు
ఆ రోజు తెలిసింది.

రాత్రి మళ్లీ ఆ కాగితాలు తీసినా.
మా బూత్, నూట పద్నాలుగు.
ఇంట్లో ఓట్లు మూడు,
నాది, మా ఆమెది, తమ్ముడిది.
గడిలో రెండు.
వేలిమీది సిరా గోరుతో కూడా పెరిగి
పైకి జరిగింది ముగ్గురికీ.
వాళ్లిద్దరూ అన్నం తింటా ఉన్నారు.
ఒకసారి నోరు తెరిచినా.
ఆ అట్ట మరుగులో ఎవరి వేలు ఎక్కడ ఆనిందో
అడిగే హక్కు కలెక్టరుకే లేదు.
"ఏంది?" అనింది.
మజ్జిగ పొయ్యమన్నా.