సున్నా రావాలె

ఉగాదికాంచి ఇది మూడో బ్యాటరీ.
మొదటిది పోతే, దాని ఆయుష్షు అంతే అనుకున్న.
రెండోది పోతే దుకాణపాయనతోటి లొల్లి పెట్టుకున్న.
మూడోది మన్ననూరు ఘాటుల
హారన్ కొడితే లైటు కన్ను మూస్తది,
లైటు వేస్తే హారన్‌కు గొంతు పెగలది.

నాది పశువుల సూది పని.
వెనుక సీటు మీద నత్రజని డబ్బా,
డబ్బాల పొగలు కక్కే చలి,
ఆ చలిల ఇంకా పుట్టని దూడలు.
బర్రె ఎదకొచ్చేది పొద్దు చూసుకొని కాదు.
రాత్రి పదకొండింటికి పదర నుంచి ఫోను:
"పర్వతాలు సారూ, ఒర్రుతున్నది. తెల్లారేదాంక ఆగదు."

మిణుగురు పురుగు నయం, నా హెడ్‌లైటు కన్న.
సగం తొవ్వల అదీ ఆరింది.
నూకుకుంట, నూకుకుంట
నేను చేరేటాళ్లకు ఎద దాటిపోయింది.
"మళ్ల ఇరవయ్యొక్క దినాలు"
అన్నది నర్సమ్మ,
నాతోటి కాదు, బర్రెతోటి.

అచ్చంపేట. జానిమియా షెడ్డు.
ఇయ్యాల ఆయన పానా పట్టలే.
బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకొని
మీటరు తీసిండు.
"స్టార్ట్ చెయ్. రేసియ్యి."
పన్నెండున్నర.
"ఇంకియ్యి."
షెడ్డంత పొగ. పన్నెండున్నర.
"పద్నాలుగున్నర ఉండాలె.
రెండు తక్కువున్నయ్. నడుమ ఎవడో తింటున్నడు."

కాయిల్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్లు.
ఒకటీ రెండు, రెండూ మూడు, మూడూ ఒకటి,
జతలు జతలుగ కొలిచిండు.
అన్నదమ్ములకు పొలం పంచిన తీరు
అన్నీ సమానం.
"పుట్టేకాడ మంచిగనే పుడుతున్నది" అన్నడు.

కప్లర్ విప్పి మూతి పెట్టి ఊదిండు.
చిలుము లేదు, కాలిన వాసన లేదు.
రెగ్యులేటర్ కొత్తదే,
పోయిన నెల ఆయనే వేసిండు, పన్నెండు వందలు.
దాని దిక్కు ఒక్కసారి చూసి
వేరే దిక్కు చూసిండు.

చాయ్ తెప్పించిండు.
ఇంజను టిక్కు టిక్కుమంట సల్లబడుతున్నది.
అప్పుడు అడిగిండు, గలాసల నుంచి తల ఎత్తకుండ:
"రంగెప్పుడు వేయించినవ్ దీనికి?"

ఉగాదికి.
తుప్పు పడుతున్నదని, నలుగురి ముందల మెరవాలెనని,
ఛాసిస్ మొత్తం నల్లగ, రెండు పూతలు.
చెప్పుకుంట చెప్పుకుంటనే నా మాట సన్నబడ్డది.

ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద,
ఇంకోటి రెగ్యులేటర్ ఒంటి మీద.
"ఇక్కడ సున్నా రావాలె. చూడు."
రేసిచ్చిన.
రెండు.

గివే ఆ రెండు.
నాలుగు నెలల సంది నేను బజారంత దేవులాడినయ్
టాంకు కింద, బోల్టు మూలకు,
నేను పైసలిచ్చి పూయించిన నలుపు కింద కూసున్నయ్.

"నీ రంగు మీదనే నేను బిగించిన గద"
అన్నడు జానిమియా. అంతకన్న ఎక్కువ అనలే.
గరుకు కాయితంతోటి రూపాయి బిళ్లంత జాగ గీకిండు.
నలుపు కింద ఎరుపు,
ఎరుపు కింద ఇనుము, తెల్లగ,
అప్పుడే పళ్లు తోముకున్నట్టు.

మళ్ల ముల్లు పెట్టిండు.
సున్నా.
బడిల ఇదే సున్నాకు నా ఈపు పగిలింది.
ఇయ్యాల దాన్ని చూసి
ఇద్దరం పిల్లగాండ్ల లెక్క నవ్వినం.
బ్యాటరీ మీద పద్నాలుగు పాయింటు నాలుగు.

పైసలడగలే. "గ్రీసు పూసుకో,
తుప్పు పడితే మళ్ల గీకుదాం.
రంగు మాత్రం ముట్టియ్యకు."

రాత్రి ఘాటు ఎక్కుకుంట
ఎవరూ లేని మలుపు కాడ ఊకెనే హారన్ కొట్టిన.
లైటు కన్ను మూయలే.
ఇంకోసారి కొట్టిన.

జేబుల డైరీ. ఇయ్యాలటికి పదిహేడు.
నర్సమ్మ బర్రెకు ఇంక నాలుగు దినాలు.