మూడు ముక్కల పుస్తకం

ఉన్నది ఒకటే ప్రతి. తొమ్మిదివందల పేజీలు.
చదవాల్సినవాళ్ళం ముగ్గురం.
గోచా రొట్టెలు కోసే కత్తి అందుకుని
పుస్తకం వీపు మీద రెండు గాట్లు పెట్టాడు.
జిగురు చిట్లిన చప్పుడుకి
లమారా చెవులు మూసుకుంది.

మొదటి ముక్క నాకు. నడిమిది లమారాకి.
చివరిది, కత్తి పట్టినవాడికి.

కుతాయిసిలో మా రొట్టెల బట్టీ
తెల్లారగట్ల నాలుగింటికి రాజుకుంటుంది.
బావిలాంటి మట్టిపొయ్యిలోకి నడుం దాకా వంగి
లోగోడకి పిండి చరుస్తాను.
ఆరింటికి గోచా వస్తాడు, రాత్రంతా టాక్సీ తోలి.
ఆసుపత్రి లాండ్రీ నుంచి లమారా,
నీళ్ళలో నానిన వేళ్ళు ముడుచుకుని.
తొలి వాయి రొట్టె, ఉప్పటి జున్ను,
ఆపైన పోట్లాట.

"నీ రాణి మంచిదేం కాదు, ఇనేజా."
"నువ్వు మూడో ముక్కలో ఉన్నావు. నోరు మూసుకో."
నా ముక్కలో ఆమెకింకా పదకొండేళ్ళు,
ఏటి ఒడ్డున కప్పకి పేరు పెడుతోంది.
అతని ముక్కలో అప్పుడే
ఏడు ఊళ్ళు తగలబెట్టేసింది.
నడుమ ఏమైందో తెలిసిన మనిషి
జున్ను నములుతూ కూర్చుంటుంది.

నాకా డ్రాగన్ నచ్చలేదు.
మూడు రోజులు ఆగకుండా ఎగిరిందే, ఏం తిని?
నలభైవేల సైన్యం కనుమ దాటిందే,
ఒక్కడైనా పిండి పిసికాడా?
పిండి కొద్దీ రొట్టె అంటారు.
ఈ రచయిత పిండే లేకుండా రాజ్యమంతా కాల్చాడు.

గోచాకి పటం మీద కోపం.
"ఆ కొండల్లో ఒక్క పూటలో గుర్రం మీదా?
ఓనీ దారిలో మంచులో టాక్సీ తోలినవాణ్ణి,
నాకు చెప్పకండి."

మంత్రాల మీద ఎవరికీ పేచీ లేదు.
చెట్లు మాట్లాడితే మాట్లాడనీ.
అబద్ధమాడేటప్పుడు
లెక్క సరిగ్గా ఉండాలి, అంతే.

మార్చిలో నడిమి ముక్క
ఆసుపత్రి దుప్పట్లతో కలిసి మిషన్‌లో పడింది.
మూడువందల పేజీలు తెల్లగా ముద్దయి బయటికొచ్చాయి,
నా చేతికిస్తే చపాతు చరిచేదాన్నేమో.
"ఏం ఫర్లేదు, నాకు గుర్తుంది," అంది లమారా.

పదకొండు ఉదయాలు చెప్పింది.
ఆ పిల్ల పెద్దదైంది. తమ్ముణ్ణి ఉప్పుగనికి పట్టుకుపోయారు.
ఉతికిన బట్టల మూట పట్టుకుని
గేటు దగ్గర నిలబడింది.
కాపలావాడు పేర్లు చదివాడు.
మర్నాడూ చదివాడు.
ఆ పేరు ఎప్పుడూ రాలేదు.
డ్రాగన్లు లేవు. నేను తిండి సంగతి అడగలేదు.
పొయ్యిలో ఒక వాయి మాడిపోయింది.

గోచా మెల్లిగా అన్నాడు:
"నా ముక్కలో ఆమె ప్రతి ఊరికీ
గేటు నుంచే నిప్పు పెడుతుంది.
ఎందుకో ఇప్పుడు తెలిసింది."

అక్టోబరులో ఎవరో ప్రయాణికుడు
వెనకసీట్లో పుస్తకం మరిచిపోయాడు.
అదే పుస్తకం. చెక్కుచెదరని ప్రతి.
లమారా రాకముందే ఇద్దరం గబగబా నడుమ తిరగేశాం.
రెండు పెళ్ళిళ్ళు. ఓ సముద్రయుద్ధం.
రెండు తలల పక్షి పాడే పాట, నాలుగు పేజీలు.
గని లేదు. గేటు లేదు.
తమ్ముడనేవాడే లేడు.

లమారాకి ఒక తమ్ముడుండేవాడు.
గోచాకి తెలుసు. నాకూ తెలుసు.
ఏమయ్యాడని ఇన్నేళ్ళలో
అడిగినవాళ్ళం కాదు.

"అచ్చు తప్పులు," అన్నాడు గోచా,
పుస్తకాన్ని పిండిబస్తాల వెనక్కి తోస్తూ.
"ఈమధ్య ప్రెస్సువాళ్ళకి బొత్తిగా శ్రద్ధ లేదు."

తలుపు తెరుచుకుంది. చలి, సబ్బు వాసన.
లమారా రొట్టె తుంచి, వేడికి వేళ్ళు ఊదుకుని
ఇన్నాళ్ళకి మొదటిసారి అడిగింది:
"నీ ముక్కలో ఆ తమ్ముడు తిరిగొస్తాడా, గోచా?"

జనవరిలోనే పూర్తిచేసినవాడు
గొంతు సవరించుకున్నాడు.

"ఇంకో నాలుగు పేజీలున్నాయి," అన్నాడు.
"చూస్తాను."