సున్నపు గీత

నేలమాళిగలోకి ముప్ఫై మూడు మెట్లు.
ఇరవయ్యో మెట్టు దగ్గర చర్చి గంట వినబడ్డం ఆగిపోతుంది.
ఆగస్టులో కూడా శాలువా కప్పుకునే దిగుతాను.

పెనెదేస్ లోయలో నన్ను
సీసాలు తిప్పే రెమెయ్ అంటారు.
చెక్క బల్లల రంధ్రాల్లో తలకిందులుగా సీసాలు,
రెండు చేతులకీ చెరొకటి,
చిన్న కుదుపు, ఎనిమిదో వంతు మలుపు,
మళ్ళీ పక్కవి.
నిద్రలో దుప్పటి కొసని తిప్పుతానట.
మా ఆయన ఫెలియు నవ్వుతూ చెప్పేవాడు,
కొన్నేళ్ళకి నవ్వకుండా.

సీసా అడుగున నేను గీసిన సున్నపు గీత.
ఎంత తిప్పానో ఇంకెంత తిప్పాలో
అదే నాకు గడియారం.

లోపల జరిగేది చెప్పనా?
మకబెయుకి తొందర, ముందే పండుతుంది.
షరెల్లో మొండిది.
పరెల్యాదా కొండగాలికి అలవాటు పడ్డది, ఆఖర్న దిగొస్తుంది.
ముగ్గురూ కలిసి ఒకసారి పులిసి ఊరుకుంటారు.
అప్పుడు కాస్త చక్కెర, కాస్త ఈస్ట్ వేసి మూత బిగిస్తాం.
మళ్ళీ పులుస్తుంది, ఈసారి దారి లేకుండా.
బుడగ అంటే అంతే,
బయటికి పోనివ్వని ఊపిరి.

కొన్ని ఓర్చుకోవు, పేలతాయి.
ఇనుప జాలీ ముసుగు మరిచిన రోజున
మా అత్త ఎలాడియా ఎడమ కనుబొమ్మ రెండుగా చీలింది.
జీతంలోంచి సీసా ఖరీదు పట్టుకున్నారు.

మా ముత్తాత ఎవుదాల్ కౌలు కాగితంలో సంవత్సరాలు లేవు.
నాటిన తీగల్లో మూడింట రెండు పాళ్ళు చచ్చేదాకా
నేల నీది, అని ఉంది.
చదువు రానివాడికి ఆ లెక్క నచ్చింది.
రాత్రిళ్ళు ముసలి తీగ రెమ్మని వంచి
మట్టిలో తొక్కి నేల అంటు కట్టేవాడు.
అది కొత్త మొక్కా, పాతదేనా?
భూస్వామి గుమాస్తా ఏటేటా వచ్చి వాదించేవాడు.

తర్వాత ఆ పురుగు వచ్చింది.
ఆవగింజలో సగం, పసుపు రంగు.
వేళ్ళ మీద కూర్చుని తాగింది.
ఆకులు జులైలోనే ఎర్రబడ్డాయి.
గుమాస్తా చేతికర్రతో తడుతూ
మోడుల్ని లెక్కపెట్టాడు.
ముత్తాత వెనకే నడిచాడట,
ఒక్కొక్క దాని బెరడు గోటితో గీకి
ఇక్కడ పచ్చగా ఉంది చూడండి అంటూ.
ఉండేది కాదు.

అమెరికా వేరు మీద మన కొమ్మ అంటుకట్టి
తోటలు మళ్ళీ లేచాయి.
ఎర్ర ద్రాక్ష పోయిన చోట తెల్లది.
ఇక మన లోయలోనూ నురగ, అన్నారు.
సొరంగాలు తవ్వడానికి కూలీలు కావాలన్నారు.
ముత్తాత పార భుజాన వేసుకుని వెళ్ళి
తను పోగొట్టుకున్న నేల కిందే తవ్వాడు.

అందుకే, ఏడో వరస దగ్గర
కప్పులోంచి సన్నటి వేళ్ళు దిగుతాయి.
మేస్త్రీ కోసెయ్యమంటాడు.
కత్తెర దొరకలేదంటాను.
నాలుగేళ్ళుగా దొరకడం లేదు.

మొన్న ఇనుప పంజరాలు దింపారు.
ఒక్కోటీ అయిదొందల సీసాల్ని పట్టుకుని
ఎవరూ లేని రాత్రి తనంతట తాను తిప్పుతుంది,
నిద్రలో నాలాగే.
నాకు రెండు వరసలు మిగిల్చారు,
చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం.

మడ్డి అంతా మెడలోకి దిగాక
మెడని గడ్డకట్టించి మూత ఊడదీస్తారు.
టప్పుమని మడ్డి ఎగిరిపోతుంది.
బిరడా, తీగ కట్టు, బంగారు కాగితం, వాళ్ళ పేరు.
ఆఖర్న తడిగుడ్డతో చేసే పని ఒకటుంది,
సీసా అడుగున సున్నపు గీత తుడిచెయ్యడం.
అదీ నాకే ఇచ్చారు.

ఈ ఉదయం ఒకదాన్ని తుడవలేదు.
ఏ ఊరి పెళ్ళి బల్ల మీదికి పోయిందో.
ఎత్తి చూస్తే
మరక అనుకుంటారు.