ఆ చప్పుడు

మూడు రోజులుగా గాలి ఉష్బా శిఖరం వైపు నుంచే.
అవతలి మంచంతా ఎత్తుకొచ్చి
మా దారి మీద పోసింది.

బెజాన్ మోకాళ్ళ మీద కూర్చుని పారతో గొయ్యి తీశాడు.
పైన దిమ్మెలా గట్టిగా,
కింద మూరెడు లోతులో పంచదార పలుకులు.
గుప్పిట పడితే నిలవలేదు.
"దీని మీద నిలబడింది, ఆ బరువంతా."

అవతలి ఊళ్ళో జబూలికి రాత్రే నొప్పులు మొదలయ్యాయి.
నా సంచిలో కత్తెర, దారం, గాజు సీసాలు.

ఒక్క అడుగు వేశాను.
మంచు లోపలెక్కడో
ఇల్లు కుదేలైనట్టు ధుమ్మని.
కుక్క చతికిలబడింది.

వెనక్కి తిరిగాం.
అడవి చుట్టుదారిన ఏడు గంటలు.

చేరేసరికి బిడ్డ పుట్టేసింది,
ఆవుల పక్కన, ఎవరి చెయ్యీ లేకుండా.
బొడ్డు కోసింది ఉన్ని కత్తెరతో.
జబూలి నా మొహం చూడలేదు.
"వాలు మీంచి గంటేగా," అంది అత్త, పాలు కాస్తూ.

మర్నాడు ఎండ.
వాలు అలాగే ఉంది,
పరిచిన దుప్పటిలా, ఒక్క మడతైనా లేకుండా.
మే నెలలో నెమ్మదిగా నీళ్ళై
బెజాన్ బంగాళాదుంపల్లోకి దిగింది.

ఎవరైనా అడిగితే
ఆ చప్పుడు చేసి వినిపిద్దామని
ఇప్పటికీ నోరు తెరుస్తాను.
రాదు.